పన్నెండో వార్డు రిమార్కులు

తెనాలి,
12-10-1986

బాపట్లలో తాత్కాలికంగా మకాం వేసిన మేనత్త కృపమ్మగారి సముఖానికి, తెనాలి పన్నెండో వార్డు నుంచి మేనల్లుడు తోమాసు వందనాలతో విన్నవించుకునేది:

ముందు శుభవార్త. నాకు ఉద్యోగం వచ్చింది. జీతం లేదు గాని హోదా ఉంది. మునిసిపల్ ఎన్నికలు వస్తున్నాయి కదా, మన ఊళ్ళో కొత్తగా పెట్టిన పురప్రజా సమితి వాళ్ళు నన్ను మన పేటకి వార్డు ప్రతినిధిగా వేశారు. పార్టీ గుర్తు లాంతరు. పట్టణ అధ్యక్షుడు, సిమెంటు కొట్టు వెంకట సుబ్బయ్యగారు స్వయంగా నా భుజం తట్టి, "బి.ఎ. చదివినవాడివి, పేటలో నీకు తెలియని గడప లేదు. నువ్వే మా కళ్ళు, చెవులు" అన్నారు. నోటి సంగతి ఎత్తలేదు. అది ఆయన దగ్గరే ఉంచుకున్నట్టున్నారు.

పని ఏంటంటే, ఓటర్ల లిస్టు ఎక్కించిన పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగి, ప్రతి పేరుకీ ఎదురుగా ఒక గుర్తు పెట్టాలి. మనవాళ్ళైతే ఆకుపచ్చ టిక్కు, గొడుగు పార్టీవాళ్ళైతే ఎర్ర ఇంటూ, ఎటూ తేలకపోతే ప్రశ్న గుర్తు. పక్కనే రిమార్కులకి ఒక గడి. ఆ గడి చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది అత్తా. మూడేళ్ళు కాలేజీ పరీక్షల్లో రాయలేనిదంతా ఇప్పుడు అందులో రాస్తున్నాను. సీతారామాంజనేయులు మాస్టారి పేరు పక్కన "లాంతరుకి నూనె, గొడుగుకి కర్ర, ఇద్దరికీ మాటిచ్చారు" అని రాశాను. రాజరాజేశ్వరమ్మగారి పక్కన "తలుపు తెరిచారు, నోరు తెరవలేదు" అని.

ఇక అసలు విషయం. నిన్న విధి నిర్వహణలో భాగంగా మీ ఇంటికి వెళ్ళాను. తాళం. తూర్పు గోడకి గొడుగు పోస్టర్లు, ఒకటి కాదు మూడు. ప్రేమ వదినని మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పిందని, పురుడు పోసేదాకా నువ్వక్కడే ఉంటావని అమ్మ చెప్పింది. ఆ సంగతి సరే. తాళం చెవి ఎవరికిచ్చావు? గోడ ఎవరికిచ్చావు? నీ పేరు ఎదురుగా నేను ఏ రంగు సిరా వాడాలి?

మన పేటలో కూడా ఒక పార్టీ ఆఫీసు పెడతారట. మూల మీద స్థలం కోసం చూస్తున్నారు. చూశావా, నేను చేరగానే పేట దశ ఎలా తిరిగిందో.

ఇట్లు,
పేట కళ్ళు, చెవులు,
తోమాసు


బాపట్ల,
20-10-86

ఒరేయ్ తోమాసూ,

నీ ఉత్తరం చదివి ప్రేమ నవ్వింది. నవ్వితే పొట్ట పట్టేస్తోందట. ఇకనుంచి నీ ఉత్తరాలు ముందు నేను చదివి, నవ్వొచ్చే ముక్కలు తీసేసి దానికి చెబుతాను. పెద్దగా పనుండదులే.

తాళం చెవి యలమంద దగ్గరుంది. కోళ్ళకి నూకలు వేసి నీళ్ళు పెడతాడు. గోడంటావా, అది మట్టిగోడ. తూర్పు జల్లు కొడితే పెళ్ళలు ఊడతాయి. ఆ పోస్టర్ల కాగితం మందంగా ఉందని నేనే అంటించమన్నాను. మీ లాంతరు వాళ్ళది పల్చటి కాగితమట, ఒక్క వానకి జారిపోతోందట. మందంగా అచ్చేయిస్తే చెప్పు. ఉత్తరం గోడ నీ కోసం ఖాళీగా ఉంచమన్నాను.

ఇరవై రెండేళ్ళు హాస్టల్లో నూటయాభై మందికి వండి వార్చి కట్టుకున్న ఇల్లురా అది. ఇల్లు నాది గాని కింద నేల గవర్నమెంటుది. ఈసారి పట్టాలిస్తామంటే దరఖాస్తు పెట్టే వచ్చాను. నిజంగా అక్కడ కాపురం ఉంటున్నామా లేదా అని విచారిస్తారట. ఓటర్ల లిస్టులో పేరు చూస్తారట. పేరు లేకపోతే మనిషి లేనట్టేనట. నాకు రాత్రీ పగలూ అదే ధ్యాస. గొడుగో లాంతరో, నువ్వూ యలమందా చూసుకోండి.

ఇంకో సంగతి. సర్టిఫికెట్లో నీ పూర్తి పేరు ఎలా ఉంది, ఇంటి నంబరు ఎంత, సంతకం తెలుగులో పెడతావా ఇంగ్లీషులోనా, రాసి పంపు. ఎందుకని అడగొద్దు.

మీ అమ్మని మోకాలికి ఆముదం రాసుకోమను.

నీ అత్త
కృపమ్మ


తెనాలి,
3-11-1986

సందేహాస్పద స్థితిలో ఉన్న అత్తకి,

నీ జవాబు చదివాక నాకు మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు అమ్మ గోంగూర చేసింది కాబట్టి తిన్నాను.

యలమంద ఎవరో నీకు తెలుసా, తెలిసే ఇలా చేశావా? గొడుగు పార్టీకి ఇదే వార్డుకి ప్రతినిధి అతను. నాకున్నట్టే అతనికీ ఒక పుస్తకం ఉంది. రోజూ పొద్దున మేమిద్దరం ఒకే కొట్టు దగ్గర, ఎవరి పుస్తకం మీద వాళ్ళు చెయ్యి వేసుకుని టీ తాగుతాం. "ఏం తోమాసూ, మా అక్క కులాసానా?" అని అడుగుతాడు. నిన్నే. నువ్వు అతనికి అక్కవి ఎప్పుడయ్యావు? కోళ్ళకి నూకలట. ఆ కోళ్ళు ఈపాటికి గొడుగు కిందకి చేరిపోయే ఉంటాయి.

పైగా నా పూర్తి పేరు, ఇంటి నంబరు, సంతకం. ఎందుకని అడగకూడదట. అత్తా, నేను మొన్నటిదాకా అమాయకుణ్ణే గాని ఇప్పుడు ప్రతినిధిని. నా సంతకంతో ఎవరైనా ఒక రాజీనామా పుట్టిస్తే నా గతేంటి? అందుకే ఆ వివరాలు పంపడం లేదు.

సలహా కోసం నీ ఉత్తరం అధ్యక్షులవారికి చూపించాను. రెండుసార్లు చదివారు. "ఈవిడది ఆ మూల ఇల్లేనా?" అని అడిగారు. అవునండి అన్నాను. "ఎప్పుడొస్తుందో కనుక్కో" అన్నారు. చూడు, అంత పెద్దమనిషికి నీ రాకపోకల మీద ఎంత శ్రద్ధో. ఇంతకీ ఎప్పుడొస్తున్నావు?

పెన్నులో ఎర్ర సిరా పోసుకుని, ఇంకా మూత తీయని
తోమాసు


బాపట్ల,
18-11-86

తోమాసూ,

నేను నీకు రాసిన ఉత్తరం సిమెంటు కొట్టులో చదివించావా? మీ అమ్మ మోకాలి సంగతి కూడా ఆయన చదివాడన్నమాట.

ఈవిడది మూల ఇల్లేనా అని అడిగాడు. అవునండి అన్నావు. పార్టీ ఆఫీసుకి మూల స్థలం కావాలని నీ మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. నీకు బి.ఎ. ఇచ్చారు కదా.

నీకు ఆ పేరు పెట్టమన్నది నేనేరా. మీ నాన్న వద్దన్నాడు, అనుమానప్పక్షి అవుతాడన్నాడు. బైబిల్లో ఆ తోమాసు అనుమానపడ్డా, ఆఖరికి యేసు గాయాల్ని చేత్తో ముట్టుకుని చూశాకే మాట్లాడాడు కదా, మంచి పేరే అన్నాను. నువ్వు ముట్టుకోకుండానే రాసేస్తున్నావు.

ఎప్పుడొస్తానో నీకు చెప్పను. నీకు చెబితే సిమెంటు కొట్టుకి చెప్పినట్టే. నీ పూర్తి పేరు కూడా అక్కర్లేదు. నీ హాల్ టికెట్టు పోయినప్పుడు పొయ్యిగూట్లో వెతికి తీసింది నేనే, నాకు గుర్తుంది. సంతకం సంగతి టైమొచ్చినప్పుడు చూద్దాం.

ప్రేమకి కాళ్ళు వాస్తున్నాయి. ప్రార్థన చెయ్యి, ఆ పుస్తకం పక్కన పెట్టి.

కృపమ్మ


తెనాలి,
9-12-1986

పరమ రహస్య సంచారిణి అయిన అత్తకి,

నిజం బయటపడింది. మన వీధి టైలరు చంద్రకళ లేదూ, పోయిన గురువారం వాళ్ళ చెల్లెల్ని చూడటానికి రేపల్లె వెళ్ళింది. అక్కడ బస్టాండులో నువ్వు కనబడ్డావట. పక్కనే గొడుగు జెండాలు కట్టిన జీపట. నీ చేతిలో కాగితాల సంచి అట. "అక్కా" అని పిలిస్తే, చూసి కూడా చూడనట్టు పాలకేంద్రం సందులోకి మళ్ళావట. మంచం దిగలేని కూతురు బాపట్లలో ఉంటే, చెరుకుపల్లి మీదుగా బస్సెక్కి రేపల్లె వెళ్ళాల్సిన పనేంటి? ఆ రోజు రేపల్లెలో గొడుగు వాళ్ళ మీటింగు ఉందని విచారించి తెలుసుకున్నాను.

నేనింక మూత తీశాను అత్తా. నీ పేరు ఎదురుగా ముందు ప్రశ్న గుర్తు పెట్టాను, రక్తసంబంధం కాబట్టి. కాని రిమార్కు మాత్రం న్యాయంగా రాశాను. నీ దగ్గర దాపరికం ఎందుకు, ఇదిగో చదువుకో:

"కృపమ్మ, 61 సం. ఇల్లు ఖాళీ. మనిషి బాపట్లలో, మనసు రేపల్లెలో, ఓటు గొడుగులో. ఇక్కడ కాపురం ఉంటున్నవి కోళ్ళు మాత్రమే."

బాగుంది కదా? పార్టీ ఆఫీసులో అందరికీ చదివి వినిపిస్తే బల్ల కొట్టి నవ్వారు. వెంకట సుబ్బయ్యగారు నవ్వలేదు గాని, "ఇది మంచి పాయింటు" అన్నారు. ముప్ఫై ఎనిమిది పేజీలకీ కింద సంతకం పెట్టించుకుని పుస్తకం తీసుకున్నారు. సాఫు కాపీ రాయించి పైకి పంపుతారట. నా సాహిత్యం పైదాకా వెళుతోంది.

ఇప్పటికైనా రేపల్లె రహస్యం చెబితే కాపీలో దిద్దిస్తాను.

నిఘా విభాగం,
తోమాసు


బాపట్ల,
14-12-86
(కార్డు)

ఆ పుస్తకం ఎవరికిచ్చావో ఈరోజే వెళ్ళి వెనక్కి తెచ్చుకో. తెచ్చుకున్నాక నాకు రాయి. అంతవరకూ ఏమీ రాయకు.

కృపమ్మ


తెనాలి,
11-1-1987

అత్తా,

నీ కార్డు వచ్చినప్పుడు నేను నవ్వుకున్నాను. దొరికిపోయి భయపడుతున్నావనుకున్నాను. పుస్తకం అడగలేదు. ఏమీ రాయొద్దన్నావు కాబట్టి రాయలేదు. నీ మాట నేను విన్నది ఆ ఒక్కసారే, అదీ వినకూడని చోట.

నిన్న మునిసిపల్ ఆఫీసు గోడకి లిస్టు అంటించారు. ఊళ్ళో కాపురం లేరని పేర్లు తీసేయమని అభ్యంతరం వచ్చినవాళ్ళ లిస్టు. మన వార్డువి పదకొండు పేర్లు. ఏడోది నీది. పక్కన కారణం: "ఇల్లు ఖాళీ. బాపట్లలో నివాసం." ఆ పక్కన అభ్యంతరం చెప్పినవారు: నా పేరు. పూర్తి పేరే అత్తా, నీకు పంపనన్న పేరు. ఇంటి నంబరుతో సహా.

తిన్నగా సిమెంటు కొట్టుకి వెళ్ళాను.

"అది హాస్యానికి రాశానండి" అన్నాను.

"హాస్యమైతే సంతకమెందుకు పెట్టావయ్యా?"

"మీరు పెట్టమన్నారండి."

"మరి పెట్టమంటే పెట్టినవాడివి, ఊరుకోమంటే ఊరుకోలేవా?"

"ఆవిడ మా మేనత్తండి."

"అందుకేగా నీ మాట నమ్మారు" అన్నారాయన. ఎవరికో బస్తాలు ఎత్తిస్తూ, నా వైపు చూడకుండా.

ఈ అభ్యంతరాలు విచారించే డిప్యూటీ తాసిల్దారే పట్టాల ఫైలు కూడా చూస్తారట. రెండు విచారణలూ కలిపి 22వ తేదీ పొద్దున పదకొండింటికి. ఓటు పోతే పట్టా పోతుంది. పట్టా పోతే మూల స్థలం ఖాళీ అని రాసుకుంటారు. నువ్వు చెప్పిన ఆ రెండు మాటలూ ఇప్పుడు పక్కపక్కన పెట్టుకుని చూశాను. నువ్వు వచ్చి కనబడితే చాలు. ఎలాగైనా రా.

తోమాసు


బాపట్ల,
15-1-87

తోమాసూ,

పదో తేదీన ప్రేమకి ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. పిల్ల బాగుంది. ప్రేమకి జ్వరం తగ్గలేదు. అల్లుడు పగలు డ్యూటీకి వెళితే ఇక్కడ నేనొక్కదాన్నే. నేను రాలేను. అక్కడికి రావాల్సింది నేను కాదు కూడా.

రేపల్లె గురించి అడిగావు. మన వార్డులో ఇంటి పన్ను వసూలు చేసిన కొండయ్యగారు రిటైరై రేపల్లెలో ఉంటున్నాడు. నా పాత రసీదులు తుఫాను వచ్చిన ఏడాది తడిసి ముద్దైపోతే, ఆయన దగ్గర అసలు కాపీలున్నాయంటే అడిగి తెచ్చుకున్నాను. ప్రేమని పక్కింటామెకి అప్పజెప్పి, సాయంత్రానికి తిరిగొచ్చేశాను. ఆ జీపెవరిదో నాకు తెలియదు. చంద్రకళని చూడనట్టు వెళ్ళింది మాత్రం నిజమే. ఆమెకి చెబితే నీకు తెలుస్తుంది, నీకు తెలిస్తే ఆయనకి తెలుస్తుంది. నా సొంత మేనల్లుడి దగ్గర నుంచి ఇంటి కాగితాలు దాచుకోవాల్సి వచ్చింది.

రసీదులు యలమందకి పంపాను. అతను 22న వస్తాడు. నువ్వు కూడా వెళ్ళు. ఏం చెప్పాలో నేను చెప్పను. నేను చెబితే అది నా మాటవుతుంది. నీ పేరు ఆ ఆఫీసులో ఎందుకుందో అక్కడికి వెళితే నీకే తెలుస్తుంది.

కృపమ్మ


తెనాలి,
24-1-1987

అత్తకి,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అలంకారాలుంటే క్షమించు, చెయ్యి అలవాటు పడింది.

పదకొండింటికన్నారు, పన్నెండున్నరకి పిలిచారు. వరండా నిండా మన వార్డువాళ్ళే. సీతారామాంజనేయులు మాస్టారు కూడా వచ్చారు, ఆయనకేదో స్థలం గొడవ. అధ్యక్షులవారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. యలమంద గోడకి ఆనుకుని నిలబడ్డాడు, సంచి గుండెలకి హత్తుకుని. నన్ను పలకరించలేదు. టీకొట్టు దగ్గర కూడా వారం నుంచి పలకరించడం లేదు.

డిప్యూటీ తాసిల్దారుగారు కళ్ళజోడు పెట్టుకుని నా రిమార్కు బయటికి చదివారు. మనిషి బాపట్లలో, మనసు రేపల్లెలో అని. పార్టీ ఆఫీసులో నవ్వినట్టు ఇక్కడెవరూ నవ్వలేదు. కోళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆయనే ఆగి, "ఇది రాసింది నువ్వేనా?" అన్నారు.

"నేనేనండి."

"ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళావు?"

"ఒక్కసారండి. తాళం వేసుంది."

"ఇంట్లో సామాను ఉందో లేదో చూశావా?"

"లేదండి."

అప్పుడాయన ఇంకో కాగితం తీశారు. సెప్టెంబరు తేదీ వేసిన నీ పట్టా దరఖాస్తు. నేను ఏ పార్టీలోనూ చేరకముందు పెట్టింది. అందులో కాపురానికి సాక్షులు ఇద్దరు. ఒకటి యలమంద. రెండోది "నా మేనల్లుడు తోమాసు, బి.ఎ." అని నీ దస్తూరీ. పూర్తి పేరు దగ్గర, ఇంటి నంబరు దగ్గర, సంతకం దగ్గర ఖాళీలు.

రెండు కాగితాలూ నా ముందు పెట్టి ఆయన, "ఈ తోమాసు ఆవిడ అక్కడ ఉంటోందని చెప్పాలి. ఈ తోమాసు లేదని సంతకం పెట్టాడు. నన్ను ఎవరిని నమ్మమంటావు?" అన్నారు.

నువ్వు అక్టోబరులో అడిగింది ఈ ఖాళీల కోసమా అత్తా. నేనేమో రాజీనామా పుట్టిస్తారనుకున్నాను.

"సంతకం పెట్టినవాడు చూడకుండా రాశాడండి" అన్నాను. "అయితే రాసివ్వు" అన్నారు. రాసిచ్చాను. నేను రాసిన రిమార్కులు చూసి రాసినవి కావని, నవ్వించడానికి రాసినవని, వాటిని దేనికీ ఆధారంగా తీసుకోవద్దని. "ఈవిడదొక్కటేనా, మిగిలిన పదీ కూడానా?" అన్నారు. వెనక నుంచి అధ్యక్షులవారు దగ్గారు. "మొత్తం పుస్తకమండి" అన్నాను. అక్కడ డిప్యూటీ తాసిల్దారుగారు అభ్యంతరాలకి జతచేసిన నా పుస్తకం పేజీలు తిప్పుతూ లాంతరుకి నూనె, గొడుగుకి కర్ర అని మాస్టారి రిమార్కు కూడా చదివేశారు. మాస్టారు రెండు రోజుల నుంచి మా వీధిలో నడవడం మానేశారు.

బయటికొచ్చాక వెంకట సుబ్బయ్యగారు, "నీకు నోరుందని ముందే తెలిస్తే వేసేవాణ్ణి కాదు" అన్నారు. ఆ విధంగా నా పదవి ముగిసింది.

సాయంత్రం డిప్యూటీ తాసిల్దారుగారు ఇల్లు చూడటానికి వచ్చారు. యలమంద తాళం తీశాడు. నీ గిన్నెలు బోర్లించి ఉన్నాయి, ఉప్పుజాడీ మీద మూకుడు, దండెం మీద నీ బూడిదరంగు చీర, అన్నీ ఉన్నాయి. నేను గడప దగ్గరే నిలబడి చూశాను. కొండయ్యగారి రసీదులు కూడా చూసి, "లిస్టులో పేరు ఉంచుతాను. పట్టా మీద మాత్రం మనిషి ఎదురుగా కనబడ్డాకే సంతకం. పదో తేదీ లోపల రమ్మనండి" అన్నారు.

తూర్పు గోడ గట్టిగా ఉంది. ఉత్తరం గోడ కిందంతా పెళ్ళలు ఊడిపోయింది. నాకోసం ఖాళీగా ఉంచిన గోడ. నా దగ్గర మిగిలిపోయిన లాంతరు పోస్టర్లు ఒకదాని మీద ఒకటి నాలుగు పొరలు వేసి అంటించాను. ఇప్పుడు మందంగానే ఉంది. యలమంద జిగురు పట్టుకున్నాడు. మాట్లాడలేదు గాని పట్టుకున్నాడు.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. పుస్తకం పోయినా సందేహం పోవడం లేదు. నీ ఓటు ఇంతకీ ఎవరికి?

తోమాసు


బాపట్ల,
2-2-87

ఒరేయ్ తోమాసూ,

ప్రేమకి జ్వరం తగ్గింది. వాళ్ళ అత్తగారు నిన్న వచ్చింది. నేను శుక్రవారం పొద్దున పాసింజరుకి వస్తున్నాను. ఈసారి నీకు చెబుతున్నాను. నువ్వు ఇంకెవరికైనా చెబితే నాకు తెలిసిపోతుంది.

నిన్ను సాక్షి వేసిన సంగతి ముందే చెప్పొచ్చు కదా అని ప్రేమ అంటోంది. నీ ఉద్యోగం కబురు రాకముందైతే చెప్పేదాన్నే. వచ్చాక చెబితే, అత్త కోసం చెబుతావో పార్టీ కోసం మానేస్తావో నాకు అనుమానం వచ్చింది. నీకొక్కడికే వస్తాయనుకున్నావా అనుమానాలు?

ఆ నాలుగు పొరల పోస్టర్లు బొమ్మ బయటికి పెట్టావా, లోపలికా? బయటికైతే యలమందకి సమాధానం నువ్వే చెప్పుకో. మాస్టారి దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడుగు. కాగితం మీద కాదు, మనిషిగా వెళ్ళు.

నా ఓటు సంగతి చెప్పను. ఆ ప్రశ్న గుర్తు అలాగే ఉండనీ, దానివల్ల నాకేం నొప్పి లేదు. ఆ రిమార్కు ఒక్కటి మార్చాలి. ఒక తెల్ల కాగితం తెచ్చుకో. శుక్రవారం వచ్చి తలుపు కొట్టు. నేను తీస్తాను. నన్ను చూడు. చూశాక, నా పేరు ఎదురుగా "ఉన్నారు" అని రాసి సంతకం పెట్టు.

ఇంకేమీ రాయకు.

మీ అత్త
కృపమ్మ